పాత ఫోన్‌లో ఉండిపోయిన మాటలు

వికారాబాద్‌లో ఫోన్ రిపేరు నేర్పే చోట ఈసారి ఆడపిల్లలు చాలామంది చేరారట. వాళ్లకు నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. మైకు ముందు నిలబడితే నాకు నోరు పెగలదు. అందుకే ఇంట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. స్క్రీను ఎలా విప్పాలో, బ్యాటరీ ఎలా మార్చాలో అక్కడ నేర్పుతారు. నాకంటే బాగానే నేర్పుతారు. కళ్లు సహకరించక మొన్నీమధ్యే షాపు మూసేసిన మనిషిని నేను. నేను చెప్పేది వేరే సంగతి.

ఈ పనిలో సగమే రిపేరు. మిగతా సగం, మనుషులను ఒక ఫోన్‌లోంచి ఇంకో ఫోన్‌లోకి మార్చడం. మొదటి సగం ఏడాదిలో చేతికి వచ్చేస్తుంది. రెండో సగం ఇన్నేళ్లు చేసినా నాకు ఇంకా వింతగానే ఉంది. అరచేతిలో ఇమిడే వస్తువు. అందులో ఒక మనిషి తన ఇల్లు, వాకిలి, కోపతాపాలు, చుట్టపక్కాలను ఎక్కడెక్కడో సర్ది పెట్టుకుంటాడు. ఎక్కడ పెట్టాడో తనకే తెలియదు. దాన్ని మన చేతిలో పెట్టి, "అక్కా, జర చూడు" అని ఛాయ్ తాగడానికి పోతాడు.

ఖాజా భాయ్ అడిగే ప్రశ్న

మాది బంట్వారం మండలంలో ఒక పల్లె. పదో తరగతి అయ్యాక వికారాబాద్‌లో మేనత్త ఇంట్లో ఉండి ఎస్టీడీ బూత్‌లో కూర్చునేదాన్ని. బూత్‌లు మూతపడే రోజుల్లో, పక్కనే రేడియోలు బాగుచేసే ఖాజా భాయ్ సెల్‌ఫోన్ల పని మొదలుపెట్టాడు. నేను ఆయన దగ్గర చేరాను. ఆడపిల్ల చేతికి సోల్డరింగ్ ఐరన్ ఇస్తాడా అని బజారులో నవ్వారు. "ఆమె చెయ్యి వణుకుతలేదు, మీ చెయ్యి వణుకుతది, పోండ్రి" అని ఆయన నవ్వినవాళ్లనే కసిరాడు.

మంచివాడని చెప్పను. మహా కోపిష్టి. స్క్రూ కింద పడితే వంశాన్నంతా తిట్టేవాడు. కానీ నాకు తెలిసిన పనంతా ఆయన పెట్టిన రెండు అలవాట్ల మీదే నడిచింది. ఒకటి, ఫోన్ తెచ్చిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టాలి. "ఏం ఖరాబైంది అని అడగకు. అది నీకు తెల్వాలె. ఈ ఫోన్ల ఏమున్నది అని అడుగు. అది ఆళ్లకే తెలుస్తది" అనేవాడు.

రెండోది, కొత్త ఫోన్ ఇచ్చాక పాతదాన్ని వెంటనే తుడిచేయకూడదు. ఆ మనిషి కొత్త ఫోన్‌తో ఒక సంతకు పోయి రావాలి. ఒక పెళ్లికో చావుకో పోయి రావాలి. మళ్లీ షాపుకు వచ్చి "అన్నీ ఉన్నయి" అని నోటితో చెప్పాలి. అప్పటిదాకా పాత ఫోన్ పేరు రాసిన కవర్లో మన సొరుగులో ఉండాలి. "మనిషికి ఏం కావాల్నో కుర్చీల కూసుంటే యాదికి రాదు, పని పడితేనే యాదికొస్తది" అని ఆయన మాట. కొందరు పాత ఫోన్ సంగతే మరిచిపోయేవారు. ఆ సొరుగు ఎప్పుడూ నిండే ఉండేది.

రావడానికి దర్వాజ, పోవడానికి కిటికీ

పెళ్లయి తాండూరు వచ్చాక స్టేషన్ దారిలో సొంత షాపు పెట్టుకున్నాను. అప్పటికే ఫోన్లు రెండు జాతులయ్యాయి. అన్ని కంపెనీల వాళ్లూ చేసే మామూలు రకం ఒకటి. ఒకే కంపెనీ, తన తాళం తనే వేసుకుని చేసే ఖరీదైన రకం ఒకటి. ఒక రకంలోంచి ఇంకో రకంలోకి మారడమంటే ఊరు మారడమే.

ఒక కందుల వ్యాపారి, పెద్దమనిషి, వియ్యంకుడు కొన్నాడని తనూ ఖరీదైన ఫోన్ కొన్నాడు. ఫోటోలు వచ్చాయి, పేర్లు వచ్చాయి. రైతులతో ఏళ్ల తరబడి నడిచిన కబుర్లు, వాళ్లు పంపిన కందుల నమూనా ఫోటోలు, ఎవరు ఏ మాట ఇచ్చారో ఆ గొంతులు, అవి రాలేదు. నాకు చేతనైందంతా చేశాను. పది రోజులకు మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"అనసూయమ్మా, గీ ఫోన్ మస్తున్నది గని, గిండ్ల నేను లేనమ్మా" అన్నాడు.

సొరుగులోంచి పాత ఫోన్ తీసి ఇచ్చాను. చంటిపిల్లను అందుకున్నట్టు అందుకున్నాడు. ఇప్పటికీ రెండూ మోస్తున్నాడు, ఒకటి జేబులో గొప్పకు, ఒకటి లోపలి జేబులో బతుకుకు.

కంపెనీల గురించి ఒక్క మాట నిక్కచ్చిగా చెప్తాను. లోపలికి రావడానికి పెద్ద దర్వాజ పెడతారు, బయటికి పోవడానికి కిటికీ పెడతారు, అదీ ఎత్తులో. తెలిసే చేస్తారు. మీ ఎదురుగా కూర్చున్న మనిషికి కొత్త ఫోన్ కొనేముందే ఈ సంగతి చెప్పండి. అమ్మకం పోతే పోనీయండి. అయితే తప్పంతా వాళ్లదే అని తిట్టుకుంటూ కూర్చునే హక్కు నాకు లేదు. నేనూ ఒక తాళం వేశాను.

నా తప్పు

ఫోన్ కొత్తగా తెరవగానే ఒక ఖాతా అడుగుతుంది. ఈమెయిల్ కావాలి, పాస్‌వర్డ్ కావాలి. మరిచిపోతే కోడ్ పంపడానికి ఒక ఫోన్ నంబరు కావాలి. బంట్వారం నుంచి, కరణ్‌కోట గనుల నుంచి వచ్చేవాళ్లకు ఈమెయిల్ ఎక్కడిది? ఎక్కడ సిమ్ ఊరికే ఇస్తే అక్కడ తీసుకునేవారు, పండక్కో నంబరు మారేది. "నువ్వే ఏదో ఒకటి పెట్టక్కా" అనేవారు.

నేను పెట్టేదాన్ని. మారనిది షాపు నంబరు ఒక్కటే కదా అని అందరి ఖాతాకూ ఆ నంబరే ఇచ్చాను. పాస్‌వర్డ్ కూడా దాదాపు అందరికీ ఒకటే. పేర్లు రిజిస్టర్లో రాసుకునేదాన్ని. మా దగ్గరి షాపులన్నీ ఇదే చేసేవి. ఎవరైనా పాస్‌వర్డ్ మరిచిపోయి వస్తే కోడ్ నా ఫోన్‌కే వచ్చేది, నిమిషంలో తెరిచి ఇచ్చేదాన్ని. దాన్ని సేవ అనుకున్నాను. కొంచెం గర్వపడ్డాను కూడా.

తర్వాత షాపు పక్క సందులోకి మార్చాను. కొత్త బోర్డు, కొత్త కార్డులు, కొత్త నంబరు. పాత సిమ్ సొరుగులో వేసి రీచార్జి చేయడం మరిచిపోయాను. చాలాకాలం వాడని నంబరును కంపెనీ వాళ్లు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ మరిచిపోయాను. కస్టమర్ల పాత ఫోన్లను కవర్లలో పెట్టి కాపాడిన మనిషిని, వాళ్లందరి తాళంచెవిని సొరుగులో పారేశాను.

రూతు

మరియమ్మది మా పల్లెకు దగ్గరే. పెనిమిటి తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్‌లో పని. షాపు మార్చకముందు సంగతి ఇది. అప్పటికి వాళ్ల బిడ్డ రూతుకు పదకొండేళ్లు. పుట్టినప్పుడే మెదడుకు గాలి సరిగా అందలేదట, నోట మాట రాదు, ఒక చెయ్యే పనిచేస్తుంది. తెలివికి ఏ లోటూ లేదు. చర్చి వాళ్లు పెట్టిన వైద్య శిబిరంలో ఒక డాక్టరమ్మ ఆ పిల్లను చూసి, తను వాడి పక్కన పెట్టిన ఖరీదైన ఫోన్ ఇచ్చింది. అందులో బొమ్మ మీద నొక్కితే మాట పలికే యాప్ ఒకటి ఉంది. ఆ కంపెనీ ఫోన్లలో తప్ప ఇంకెందులోనూ లేదు. ఫోన్‌కు ఖాతా పెట్టించుకోవడానికి మరియమ్మ నా దగ్గరికే వచ్చింది. నేను పెట్టాను. ఏ నంబరుతో పెట్టానో మీకు చెప్పనక్కరలేదు.

రెండేళ్ల తర్వాత ఒకసారి స్క్రీను పగిలితే తెచ్చారు. ఖాజా భాయ్ ప్రశ్నే అడిగాను, ఇందులో ఏముందని. మరియమ్మ తెరిచి చూపించింది.

నేను పని ఆపేశాను. వందల కొద్దీ ఫోటోలు. యాప్‌తో వచ్చిన బొమ్మలు ఒక్కటీ లేవు. వాళ్లింటి చెంబు, వాళ్ల బర్రె, వాళ్ల గడప. ప్రతి ఫోటో మీద నొక్కితే మరియమ్మ గొంతు. "నీళ్లు." "ఆకలైతున్నది." "నాయినెప్పుడొస్తడు?" వస్తువుల పేర్లతో ఆగలేదు ఆ తల్లి. మూతి ముడుచుకుని తనే దిగిన ఫోటో పెట్టి "నాకు కోపమొచ్చింది" అని చెప్పింది. చెయ్యి అడ్డం పెట్టి దిగి "అమ్మా, జర ఆగు" అని చెప్పింది. నాలుగో తరగతి చదివిన మనిషి, కందిచేలో కలుపు తీసి ఇంటికి వచ్చి, కూర్చుని ఒక్కొక్క ముక్కా చేర్చి ఒక భాష కట్టింది. ఎవరూ నేర్పలేదు.

"ఇదంతా నువ్వే చేసినవా?" అన్నాను.

"ఇంకెవలు చేస్తరక్కా? దానికేం కావాల్నో నాకే కద తెలిసేది. నేను చస్తే అదెట్ల అడుగుతది?" అంది మామూలుగా.

ఈలోగా రూతు నన్నే చూస్తోంది. వేలు చకచకా ఆడించి రెండు ఫోటోలు నొక్కింది. వాళ్ల తాత కళ్లద్దాలు ఒకటి, ఛాయ్ గ్లాసు ఒకటి. "అద్దాలు. ఛాయ్." నాకు అర్థం కాలేదు. తల్లి పకపకా నవ్వింది. "అద్దాలు పెట్టుకున్నామెకు ఛాయ్ పొయ్యమంటున్నది అక్కా. అలసిపోయినవని." నా మొహం చూసి నా అలసట కనిపెట్టి, ఉన్న ముక్కలతోనే నాకొక పేరు కట్టింది ఆ పిల్ల. ఇన్నేళ్లలో ఎన్ని వేల ఫోన్లు విప్పానో. అంత గొప్ప వస్తువును నేను ఎందులోనూ చూడలేదు.

ఆ తర్వాతి ఏడాది ఫోన్ ఆటోలోంచి జారి చక్రం కింద పడింది. బోర్డు రెండు ముక్కలు. మరియమ్మ ఆ ముక్కలు కొంగున కట్టుకుని తెచ్చింది.

"భయపడకు, అన్నీ పైన కంపెనీ వాళ్ల దగ్గర దాచి ఉంటయి. అదే రకం ఫోన్ ఇంకోటి తెచ్చి ఖాతా తెరిస్తే దిగుతయి" అన్నాను. నిజమే చెప్పాను. మనలో ఎవరూ చూడని ఏదో చోట ఆ పిల్ల మాటలన్నీ భద్రంగా ఉన్నాయి. వాళ్లకు తెలిసిన పాస్టరమ్మ ఇంట్లో వాడని ఫోన్ దొరికింది. తెచ్చి ఖాతా పేరు కొట్టాను. పాస్‌వర్డ్ కొట్టాను. కోడ్ పంపామని వచ్చింది. ఎక్కడికి పంపారో కూడా చూపించింది, వరసగా చుక్కలు, చివర రెండు అంకెలు.

ఆ రెండు అంకెలు నావి. నా పాత షాపు నంబరు.

రూతు తల్లి పక్కన కూర్చుని ఉంది. ఫోన్ విరిగి అప్పటికి ఎనిమిది రోజులు. ఏం కావాలో చెప్పలేక తన చెయ్యి తనే కొరుక్కుంటోందని, మణికట్టు మీద పళ్ల గాట్లు చూపించింది మరియమ్మ.

దౌల్తాబాద్ దారి

ఆ నంబరుకు ఫోన్ చేశాను. "యారు?" అని కన్నడంలో ఎవరని అడిగింది ఒక పెద్ద వయసు గొంతు. పేరు బసప్ప, దౌల్తాబాద్ అవతలి పల్లె అన్నాడు. కోడ్ సంగతి ఎత్తగానే పెట్టేశాడు. మళ్లీ చేశాను. "నంబర్లడిగే దొంగముండలంత నాకే దొరికిండ్రు" అని మళ్లీ పెట్టేశాడు. మూడోసారి ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే తల్లీబిడ్డలను తీసుకుని బస్సెక్కాను. కొడంగల్‌లో దిగి ఇంకో బస్సు, అక్కడి నుంచి ఆటో. వెతుక్కుంటూ పోయేసరికి ఆయన గొర్ల దొడ్డి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. మెడలో తాడుకు చిన్న బటన్ల ఫోన్ వేలాడుతోంది. వచ్చిన పని చెప్పాను.

"చెప్ప. నంబర్ చెప్తే పైసలు పోతయంట. ఎవ్వలకు చెప్పొద్దని మా బిడ్డ ఒట్టు పెట్టించుకున్నది" అన్నాడు.

"మీ బిడ్డ మంచిగ చెప్పింది కాకా. నేనైనా అదే చెప్పేదాన్ని" అన్నాను.

ఆ మాటకు కొంచెం మెత్తబడ్డాడు. నా పాత షాపు కార్డు తీసి ఇచ్చాను. ఆయనకు చదువు రాదు, అంకెలు వచ్చు. తన ఫోన్ వెనక బిడ్డ అంటించిన చీటీ పక్కన కార్డు పెట్టి, ఒక్కో అంకె మీద వేలు పెట్టి పోల్చుకున్నాడు. పదీ సరిపోయాయి.

"గిది నీ నంబరే. మరి ఎందుకు ఇడిసిపెట్టినవ్?"

"రీచార్జి చెయ్యలె కాకా. మర్చిపోయిన."

"గింతమంది పానం పెట్టుకున్న నంబర్ మర్చిపోతవా?"

ఖాజా భాయ్ నా వంశాన్ని తిట్టినా నాకు అంత సిగ్గు వేయలేదు. నెలకు రెండు మూడుసార్లు కోడ్లు వస్తూనే ఉన్నాయట. ఎవరో దొంగలు పంపుతున్నారని అన్నీ తుడిచేస్తున్నాడు. అంటే ఎక్కడో ఎవరో తమ ఫోన్ తెరుచుకోక కూర్చున్నారన్నమాట. వాళ్లంతా నా రిజిస్టర్లో ఉన్నవాళ్లే.

బసప్ప రూతును చూశాడు. చేతి మీద గాట్లు చూశాడు. చివరికి మెడలోని తాడు తీశాడు.

"చెప్పనని ఒట్టేసిన. చెప్ప" అన్నాడు. "పిల్లా, ఇట్ల రా. నీకు చూపిస్త."

కొత్త ఫోన్ రూతు ఒళ్లో పెట్టి, అందులో కోడ్ పంపమని నొక్కాను. ఆయన ఫోన్ కుయ్యిమంది. దాన్ని రూతు కళ్ల ముందు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ పిల్ల చూసి ఒక్కో అంకె కొట్టడం మొదలుపెట్టింది. నాలుగోది దగ్గర వేలు జారింది. తప్పని వచ్చింది. నేను చెయ్యి చాపాను.

"ఆగు. నేను చూపిచ్చింది ఆ పిల్లకు, నీకు కాదు" అన్నాడు బసప్ప.

మళ్లీ కోడ్ పంపమని నొక్కాను. ఈసారి రూతు ప్రతి అంకెకూ ఊపిరి బిగబట్టింది. ఆరోది కొట్టింది. తెరుచుకుంది.

సిగ్నల్ అంతంతమాత్రం. దొడ్డి గోడ మీద ఎత్తుగా ఫోన్ పెట్టి నలుగురం దాని చుట్టూ నిలబడ్డాం. చెంబు వచ్చింది. తర్వాత బర్రె. తర్వాత గడప. ఒక్కొక్కటీ దిగుతుంటే మరియమ్మ పేరు పెట్టి పిలిచింది. పైన ఎక్కడో ఉన్న ఆ మాటలు, సముద్రాలు దాటో ఏమో, దారి తప్పకుండా ఈ గొర్ల దొడ్డికి వచ్చి ఈ పిల్ల ముందు వాలుతున్నాయి. ఫోన్ లోపల ఏముంటుందో నాకు తెలుసు. అయినా దండం పెట్టాలనిపించింది.

అన్నీ వచ్చాక రూతు చేతికి ఇచ్చాం. తొమ్మిది రోజుల తర్వాత మొదటి మాట. ఏం అడుగుతుందోనని ముగ్గురం చూస్తున్నాం. తను నా వైపు తిరిగింది. నన్నే చూస్తూ నొక్కింది.

"నాకు కోపమొచ్చింది."

మరియమ్మ గతుక్కుమంది. "అయ్యో, తప్పే, పెద్దమ్మనట్లంటరా" అని చెయ్యి పట్టబోయింది. "అననీ మరియమ్మా, నిజమే అన్నది" అన్నాను. నాకు ఏడుపు ఆగలేదు. బసప్ప మాత్రం ఒళ్లంతా కదిలేలా నవ్వాడు. "పిల్లకు మాట మంచిగున్నది" అన్నాడు.

చివరి పని

ఆ నంబరు తిరిగి ఇమ్మని ఆయనను అడగలేదు. అది ఇప్పుడు ఆయనదే. రిజిస్టర్ ముందేసుకుని కబురు అందినవాళ్లందరి ఖాతాలకూ వాళ్ల సొంత నంబర్లు పెట్టించాను. ఆ కోడే దిక్కయిన కొందరిని దౌల్తాబాద్ పంపాను. బసప్ప ఎవరికీ చెప్పేవాడు కాదు. ముందు నాకు ఫోన్ చేసి మనిషి ఎవరో కనుక్కుని, అప్పుడు చూపించేవాడు. కొందరు దొరకనేలేదు. వాళ్ల ఫోన్లలో ఏముందో నాకు ఎప్పటికీ తెలియదు.

అందుకే మీకు చెప్తున్నాను అమ్మాయిలూ. ఖాతా పెట్టేటప్పుడు ఆలస్యమైనా సరే, ఆ మనిషి నంబరే పెట్టండి. నంబరు లేకపోతే ఇంట్లో ఇంకొకరిది అడగండి. పాస్‌వర్డ్ వాళ్ల చేతే కొట్టించండి, కాగితం మీద రాయించి ఇంట్లో దాచుకోమనండి. మీ సౌకర్యం కోసం ఎవరి తాళమూ మీ జేబులో పెట్టుకోకండి.

షాపు మూసేముందు నేను చేసిన చివరి పని రూతుదే. ఆ యాప్ ఆ ఒక్క కంపెనీకే కట్టుబడి ఉన్నంతకాలం ఈ కష్టం మళ్లీ వస్తుంది. అందుకని ప్రతి ఫోటోను, ప్రతి గొంతును విడివిడిగా బయటికి తీసి మెమరీ కార్డులో వేసి, మామూలు రకం కొత్త ఫోన్ ఒకటి తెప్పించి, అందులో దొరికే ఇంకో యాప్‌లో మొదటి నుంచి పేర్చాం. వాటంతట అవి రావు, ఒక్కొక్కటీ చేత్తో ఎక్కించాలి. మూడు వారాలు పట్టింది. నా కళ్లకు మసకలు కమ్మితే మరియమ్మ చేసేది, ఆమె తడబడితే రూతు వేలు పెట్టి చూపించేది.

చివరికి దగ్గరపడ్డాక ఒక ఫోటో వచ్చింది. నాదే. షాపులో తల వంచుకుని పని చేస్తుండగా ఎప్పుడు తీశారో. మరియమ్మ గబుక్కున దాన్ని పక్కకు జరిపింది.

"ఏందది?" అన్నాను.

"ఏం లేదక్కా. అది పట్టువట్టి చెప్పించింది నాతోటి. గిది తీసేద్దాం."

రూతు చెయ్యి చాపి నొక్కేసింది. మరియమ్మ గొంతు షాపంతా పలికింది. "నంబర్ మర్చిపోయిన పెద్దమ్మ."

ఇప్పుడు వాళ్లింటికి పోతే ఆ పిల్ల నన్ను పిలిచేది ఆ పేరుతోనే. తీసేయొద్దని చెప్పి, ఆ ముక్కను కొత్త ఫోన్‌లోకి నా చేత్తో నేనే ఎక్కించాను.